నిలబడ్డ పటకారు

"గేటు తీస్తవా, గోడ దూకమంటవా?"

ఆండాలు ఆ మాట అనేసరికి బాలగిరి మఠం గేటు దగ్గరి మనిషి గబుక్కున గొళ్ళెం తీశాడు. ఆమె దూకుతుందని భయం కాదు, దూకి కాలు విరిగితే ఆటో దాకా మోయాల్సింది తనే కదా అని. ఆండాలుది అంత తేలిక శరీరం కాదు. హెడ్ కానిస్టేబులుగా ఉన్న రోజుల్లో ఆమె ఒకసారి ఒక దొంగ మీద కూర్చుందట. వాడు నేరం ఒప్పుకున్నాడు, ఆమె లేవలేదు. పక్క వీధి దొంగతనాలు ఒప్పుకున్నాడు, లేవలేదు. వాళ్ళ తాత చేసిన దొంగతనం కూడా ఒప్పుకున్నాకే లేచిందని ధూల్‌పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదనడానికి ఆ దొంగ కూడా ఎక్కడా కనిపించడం లేదు.

రిటైరయ్యాక ఆండాలు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించింది. గాజులు బేరమాడటానికి పొరపాటున మెట్లెక్కేవాళ్ళే ఎక్కువ. ఇవాళ పొద్దున ఎక్కిన పిల్ల మాత్రం గాజుల కోసం రాలేదు. పేరు రూప. జల్‌పల్లి నుంచి వచ్చింది. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మా బాపును దొంగ అంటున్నరు అక్కా. ఆయన ఏడ ఉన్నడో ఎవరు అడుగుతలేరు. పట్టుకుంటే ఏం చేస్తరో అదే మాట్లాడుతున్నరు."

ఆ బాపు పేరు ప్రకాశం. బాలగిరి మఠానికి రాత్రి వాచ్‌మన్. ఈ మఠం ఒకప్పుడు గోసాయి సాధువులది. ఒక్కొక్కరే సమాధుల్లోకి వెళ్ళిపోగా, మఠానికి పెద్దయిన చివరి మహంతు పోయి కూడా ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేస్తున్నారు. సాధువులు పడుకున్న గదులు గ్యాలరీలయ్యాయి. వంటిల్లు కాఫీ హోటలయ్యింది. ఆవుల కొట్టం టికెట్ కౌంటరయ్యింది. ఆవులు గనక మిగిలి ఉంటే అవి కూడా టికెట్ కొనుక్కునే లోపలికి రావాలి. సోమవారం ప్రారంభోత్సవం. ఇవాళ గురువారం. మంగళవారం తెల్లవారేసరికి అద్దాల పెట్టెలో ఉండాల్సిన బాలగిరి మహారాజు వెండి పాదుకలు లేవు, వాచ్‌మన్ ప్రకాశమూ లేడు.

లోపల అడుగు పెట్టగానే చెవులు హోరెత్తాయి. ఒక మూల బండలు నునుపు చేసే మిషన్, ఇంకో మూల రాళ్ళు కోసే మిషన్. ఆ మోతలోనే ఒక నవ్వు వినిపించింది. ఆండాలుకు ఆ నవ్వు బాగా తెలుసు.

"ఆంటీ, మళ్ళీ మీరా!"

బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు కేశవ్. ఇస్త్రీ చొక్కా, చంకలో ట్యాబ్. పోయినేడు ఒక నగల కేసులో ఆండాలు కనిపెట్టిన సంగతిని తన రిపోర్టులో ఇంగ్లీషు చేసి రాసుకుని, శాలువా కప్పించుకున్నాడు. ఆండాలు ఆ శాలువాను మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటించడం ఆమెకు చేతకాదు.

"ఆంటీ మీ ఇంట్ల ఉంటది. ఏం రాసినవ్ రిపోర్టుల?"

"సింపుల్. పెట్టె అద్దం పగల్లేదు, తాళంచెవితో తీశారు. తాళంచెవి ట్రస్టు సెక్రటరీ సత్యనారాయణ గారి దగ్గర ఉంటుంది. ఆయన సోమవారం కాశీకి వెళ్ళారు, ఫోన్ స్విచాఫ్. రాత్రి ఇక్కడుండేది వాచ్‌మన్ ఒక్కడే. నకలు తాళంచెవి చేయించాడు, తీశాడు, పోయాడు. పోతుంటే చూసిన సాక్షి ఉన్నాడు. సాయంత్రం రిపోర్టు పంపిస్తా. రాత్రికల్లా ఆయన ఫోటో అన్ని స్టేషన్లకూ వెళ్తుంది."

"ఆ సాక్షి ఎవరు?"

"సైట్ ఇంజనీర్ ప్రేమ్‌రాజ్."

"మరి సత్యనారాయణ సారు రైలెక్కంగ చూసిన సాక్షి ఎవరు?"

కేశవ్ ఇంకాస్త నవ్వాడు. "కాశీకి పోయేవాళ్ళకు కూడా సాక్షి కావాలా?"

"నువ్వు పోయేటప్పుడు చెప్పు. నేనే వచ్చి ఎక్కిస్త."

రూప ముందుకొచ్చింది. "సార్, మా బాపు గట్లాంటోడు కాదు సార్..."

"చూడమ్మా, నాకు జాలి ఉంది. ఆధారాలకు జాలి ఉండదు."

"ఈ మాట ఇప్పుడే పుట్టిందా, పొద్దున అద్దం ముంగట బట్టీ పట్టుకొచ్చినవా?" అని ఆండాలు అతన్ని పక్కకు జరిపి, నడి వాకిట్లోకి నడిచింది.

అక్కడ రాతి అరుగు, అరుగు నడుమ గుండం, గుండం నిండా బూడిద. దాన్నే ధుని అంటారు. సాధువులు తరతరాలుగా ఆరనీయకుండా కాపాడుకునే నిప్పు. బూడిద మధ్యలో ఒక ఇనుప పటకారు నిటారుగా గుచ్చి ఉంది. మొలెత్తు ఉంటుంది. దాని తలకు ఇత్తడి రింగులు. సాధువులు భజన చేసేటప్పుడు వాటినే మోగిస్తారు.

ఈ నిప్పు ప్రకాశం చేతికెలా వచ్చిందో దారిలో రూప చెప్పింది. చివరి మహంతు పోయే ముందు చుట్టూ చూశాడట. శిష్యుడు లేడు, వాచ్‌మన్ ఉన్నాడు. పటకారు అతని చేతిలో పెట్టి, ఆరనీయకు అని మాట తీసుకున్నాడు. ప్రకాశం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. సంగతి తెలిసి పాస్టరు మందలిస్తే, "అయ్యగారూ, నేను మొక్కుతలేను, కావలి గాస్తున్న. వాచ్‌మన్‌ను గద" అన్నాడట. పాస్టరు జవాబు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇరవై ఏళ్ళయింది, ఇంకా దొరికినట్టు లేదు.

ఆండాలు అరుగు మీదికి వంగింది.

"మేడం, ముట్టుకోవద్దు! అది ఎగ్జిబిట్!"

పసుపు హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. పేరు అభిజ్ఞ. మ్యూజియంలో ఏ వస్తువు ఎక్కడుండాలో, దాని బోర్డు మీద ఏం రాయాలో చూసేది ఈమే. నిలబడి ఉన్నప్పుడు కూడా ఒక కాలు పరుగులోనే ఉంటుంది.

"ముట్టుకుంటలేనమ్మా, వాసన చూస్తున్న" అంటూనే ఆండాలు బూడిదలో వేలు పెట్టింది. చల్లగా ఉంది. పైన పెంకు కట్టినట్టు ఉంది, ఎవరూ కదిపిన జాడ లేదు. "దీన్ని ఎవరన్న కెలికిన్రా?"

"ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. మంగళవారం పొద్దున నేను వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మా పాత ఫోటోలన్నిట్లోనూ ఇలాగే ఉంటుంది. చూడండి."

గోడ మీద వరసగా నలుపు తెలుపు ఫోటోలు. ప్రతి ఫోటోలో ఒక మహంతు, పక్కన ధుని, ధునిలో నిటారుగా పటకారు.

"రూపా," అంది ఆండాలు ఫోటోల మీంచి చూపు తిప్పకుండా, "డ్యూటీ అయిపోయి ఇంటికి పోయేటప్పుడు మీ బాపు ఈడ ఏం జేస్తడు?"

"పిడకలు పెట్టి మీద బూడిద గప్పుతడు అక్కా. గట్ల గప్పితే మళ్ళ ఆయన వచ్చేదాక నిప్పు బతికి ఉంటది. తర్వాత పటకారు తీసి అరుగు మీద అడ్డం పండవెడ్తడు. పండుకుంటే కావలి మనిషి బయటకి పోయినట్టు. నిలబడితే లోపల ఉన్నట్టు. పెద్ద మహంతు చెప్పిన పద్ధతి. చిన్నప్పుడు నేను సద్ది తెచ్చి గేటు సందులకెంచి చూసేదాన్ని. పటకారు నిలబడి ఉంటే బాపూ అని కేక..."

మాట అక్కడే ఆగిపోయింది. రూప పటకారు వైపు చూసింది. అది నిలబడే ఉంది.

అభిజ్ఞ ఫోటోలను ఇంకోసారి చూసింది. "అంటే వీటిల్లో..."

"మనిషి కూసున్నప్పుడే గదమ్మా ఫోటో తీసేది. ఖాళీ అరుగుకు ఎవడు తీస్తడు?"

పటకారు రింగులు గలగలమన్నాయి. అభిజ్ఞ చెవి మూసుకుంది. "రెండ్రోజులుగా ఇదే గోల. మిషన్ల అదురుకు మోగుతుంది. తీసేసి అద్దంలో పెట్టి, ఇక్కడ కరెంటు మంట పెడదామంటే ప్రారంభోత్సవం అయ్యాక అన్నారు."

"ఈ గుండం కింద ఏముంది?"

"రాయే. ఒక సన్నటి కంత ఉండేది, ఆరో బోర్డు మీద రాశాను. ఆ గోడ అవతల వంటింటి వెనక నేలలో పాతర ఉంది. ధాన్యం దాచే గొయ్యి, మనిషి దిగేంత లోతు. ఇక్కడి పొగ ఆ కంతలోంచి పాతరలోకి పోయేదట, గింజలకు పురుగు పట్టకుండా."

పైకి పోవాల్సిన పొగకు కిందికి దిగడం నేర్పించిన గోసాయిలు మామూలువాళ్ళు కారు. ఆండాలు పొగను మెచ్చుకునే తీరికలో లేదు. "ఇప్పుడు ఆ పాతర?"

"ఇసుకతో నింపేశారు. ఇవాళ పైన కాంక్రీటు పోస్తారు. దాని మీద లిఫ్ట్ వస్తుంది."

"నింపంగ నువ్వు చూసినవా?"

"లేదు. ప్రేమ్‌రాజ్ గారు చెప్పారు."

పిలవకుండానే ప్రేమ్‌రాజ్ వచ్చేశాడు, చెవికి ఫోన్ ఆనించుకుని. అతని వెనక గేట్లోంచి కాంక్రీటు లారీ కీక్ కీక్‌మంటూ వెనక్కి వస్తోంది. దాని పొట్ట గిరగిర తిరుగుతోంది.

"మేడం, మీరెవరో నాకు తెల్వదు. నాకు టైం లేదు. మాల్ వచ్చింది, ఇంకో గంటల గట్టిపడ్తది."

"తెల్వకపోతే మంచిదే బిడ్డా. ప్రకాశం పోవుడు నువ్వు కండ్లార చూసినవట. ఆ ముచ్చట ఒక్కసారి జెప్పు, పోత. నాకు కతలంటే మస్తు ఇష్టం."

ప్రేమ్‌రాజ్ కేశవ్ వంక చూశాడు. కేశవ్ చెప్పమన్నట్టు చెయ్యి ఊపి, ట్యాబ్ తెరిచాడు.

"ఏముంది, మంగళారం తెల్లారి పాలబండి వచ్చే టైముకు నేను వచ్చిన. ప్రకాశం గేటు దిక్కు పోతున్నడు. భుజం మీద గోనెసంచి. ఏడికి పోతున్నవన్నా అంటే ఇంటికి అన్నడు. గంతే."

"గంతేనా?" ఆండాలు మొహం చిన్నబుచ్చుకుంది. "ఇరవై ఏండ్లు కాసిన నిప్పు. దానికి ఒక దండమన్న పెట్టలేదా? ఎంత రాతి గుండె!"

కథ చెప్పేవాడికి వినేవాళ్ళు పెదవి విరిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నిజం చెప్పేవాడయితే, లేదు, చూడలేదు అని ఊరుకుంటాడు. అబద్ధం చెప్పేవాడు ఊరుకోలేడు. ఇంటి ముందు ముగ్గు వేసినట్టు దానికో ముగ్గు వెయ్యాలి.

"ఎందుకు పెట్టలే? పెట్టిండు. ధుని కాడికి పోయి పిడకలు వేసిండు. పటకారు తీసుకొని బూడిదల గుచ్చిండు. దండం పెట్టిండు. అటెంక పోయిండు."

"పిడకలు వేసిండా?"

"వేసిండు."

"పటకారు గుచ్చిండా? అడ్డం పెట్టిండా?"

"గుచ్చిండు మేడం, నా కండ్లతోని చూసిన. ఇగో, ఇప్పటికీ గట్లనే నిలబడి ఉంది గద!"

"రాసుకున్నవా కేశవ్?"

"రాసుకున్నా. దాంట్లో ఏముంది?"

అభిజ్ఞ అయ్యో అంటున్నా వినకుండా ఆండాలు బూడిదలో రెండు చేతులూ పెట్టి పైపెంకు ఎత్తింది. పిడక కాలిపోయినా ఆకారం చెడదు, బూడిదై కూడా పిడకలాగే కూర్చుంటుంది. లోపల అలాంటిదేమీ లేదు. సగం కాలిన మోడు కొన, నల్లటి బొగ్గులు, అంతే.

"ఇది కప్పిపెట్టిన నిప్పు గాదు. చూసేటోడు లేక ఆరిపోయిన నిప్పు. పిడకలు వెయ్యలే, పటకారు పండవెట్టలే. ఇంటికి పోయేటోడు చేసే రెండు పనులల్ల ఒక్కటి గూడ జరగలే. నీ సాక్షి మాత్రం పిడకలు వెయ్యంగ చూసిండు, పటకారు గుచ్చంగ చూసిండు."

ప్రేమ్‌రాజ్ లారీ వైపు ఓసారి చూశాడు. "దొంగతనం చేసి ఉరికేటోడు పద్ధతులు చూస్తడా మేడం?"

"దండం పెట్టిండని నువ్వే జెప్పితివి. దండానికి దొరికిన తీరిక పటకారుకు దొరకలేదా?"

కేశవ్ ట్యాబ్ మూశాడు. నవ్వు పోయింది గానీ మొండితనం పోలేదు. "ఆంటీ, వినడానికి బాగుంది. ఒక పటకారు నిలబడి ఉంది కాబట్టి మనిషి పోలేదంటే ఎవరు నమ్ముతారు? పోతే పోయాడు. లోపలే ఉంటే ఎక్కడున్నాడు? ప్రతి గదీ నేను చూశాను. చెప్పండి, ఎక్కడ?"

ఆండాలు నేల వైపు చూసింది. వెనక లారీ వంటింటి గోడ మలుపు తిరిగి ఆగింది. ఇంజను గుర్రుమంటోంది. రింగులు మళ్ళీ గలగలలాడాయి.

ఆమె తల పక్కకు వంచింది. "కేశవ్. ఇదేంది, మూడుసార్లు మోగి, ఆగి, మళ్ళ ఒక్కసారి మోగుతున్నది?"

"అదురు! లారీ అదురు!"

"లారీకి తాళం వస్తదా?"

కేశవ్‌కు ఒళ్ళు మండింది. పది మంది పనివాళ్ళ ముందు ఈ లావుపాటి మనిషి తనను ఆటపట్టించడం ఇక చాలనుకున్నాడు. "సరే, ఇప్పుడే తేల్చేద్దాం! ఆపండి! మిషన్లు ఆపండి! లారీ ఆపండి! అన్నీ ఆగాక ఆ రింగులు కూడా ఆగితే, మీరు గేటు దాటి వెళ్ళిపోవాలి. మళ్ళీ ఈ కేసులో కనిపించకూడదు."

"ఒప్పుకున్న."

"లారీ ఆపద్దు!" ప్రేమ్‌రాజ్ అరిచాడు. "మాల్ ఖరాబైతది!"

లారీ డ్రైవర్ ఎల్లేష్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఐదు నిమిషాలకు ఏం గాదు సార్. ఫికర్ చెయ్యకున్రి." తాళం తిప్పాడు.

రాళ్ళ మిషన్ ఆగింది. బండల మిషన్ ఆగింది. లారీ ఒక్కసారి దగ్గి ఆగింది. రెండు రోజుల్లో ఆ వాకిట్లో మొదటిసారి పగటిపూట నిశ్శబ్దం దిగింది.

గల్. గల్. గల్.

రింగులు ఆగాయి.

గల్.

"బాపు..." రూప పటకారు దగ్గరికి వచ్చింది. "సాయంత్రం ధుని కాడ కూసోని గిట్లనే కొట్టేటోడు. నన్ను పిలిచేటందుకు."

ఆండాలుకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పటకారు ములుకులు దిగి ఉన్నది వట్టి బూడిదలో కాదు, పొగ కంత మూతిలో. కింద నుంచి ఎవరో పుల్లతోనో ఇనుప ముక్కతోనో పొడుస్తున్నారు. పగలు అరిస్తే మిషన్లు మింగేశాయి. రాత్రి అరిస్తే వినాల్సినవాడు వాచ్‌మన్. ఆ వాచ్‌మనే లోపల ఉన్నాడు.

"ఎల్లేష్! పొయ్యి!" ప్రేమ్‌రాజ్ కేక పెట్టాడు. "చూస్తవేందిరా, పొయ్యి! లేకుంటే రేపటి సంది నీ బండి ఈ సైట్ల కనిపియ్యది!"

ఎల్లేష్‌కు పటకారు సంగతి తెలియదు. బండి సంగతి తెలుసు. ఇంజను మళ్ళీ గుర్రుమంది.

ఆండాలు పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం చూసినవాళ్ళు ఈ భూమ్మీద తక్కువ. చూసిన ఆ కాసిని మంది కూడా దాన్ని పరుగని ఒప్పుకోరు. అయినా ఆ పూట గోడ మలుపు తిరిగేసరికి ఆమె ఇంజనీరు కంటే ముందుంది. పాతర మూతి మీద ఇనుప రేకు బోల్టులతో బిగించి ఉంది, రేకు మీద చువ్వల జాలీ కట్టి ఉంది. లారీ తొట్టి సరిగ్గా దాని మీదికి వాలి ఉంది. బూడిదరంగు ముద్ద జారడం మొదలైంది.

ఆండాలు వెళ్ళి జాలీ నడుమ కూర్చుంది.

మొదటి ముద్ద ఆమె ఒళ్ళో పడింది. రెండోది భుజం మీద పడింది. ఆమె కదల్లేదు. "పొయ్యి బిడ్డా, పొయ్యి!" అని కేకేసింది. "మ్యూజియంల బొమ్మలు తక్కువైనయట. నన్ను గూడ పెట్టుకుంటరు!"

ఎల్లేష్ బెదిరిపోయి తాళం లాగేశాడు. "అల్లా కసమ్, ఈడ మనిషి ఉన్నదని నాకు ఎవడు చెప్పిండు భాయ్!" అన్నాడు, ఆ గడియలో తన దేవుడెవరో మరిచిపోయి.

ప్రేమ్‌రాజ్ గేటు వైపు మళ్ళాడు. గేటుకు అడ్డంగా కేశవ్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలుగుతుందన్న దిగులు కూడా లేకుండా అతని కాలరు పట్టుకున్నాడు. "ఇసుకతో నింపామన్నావు కదా? ఇసుక తాళం వేస్తుందా?"

ధుని దగ్గర రూప పటకారు పీకి పక్కన పడేసింది. చేతులతో బూడిద తోడింది, బొగ్గులు తోడింది. అడుగున పిడికిలి పట్టేంత చీకటి కంత కనిపించింది. దానికి నోరు ఆనించి పిలిచింది.

"బాపూ!"

కంతకు చెవి ఆనించింది. తర్వాత నేల అడుగు నుంచి, ఎండిపోయిన గొంతు ఒకటి వచ్చింది.

"రూపా? ... నిప్పు ఆరిందా బిడ్డా?"

"ఆరింది బాపూ. ఆరితే ఆరనియ్యి. నువ్వు బయటకి రా. ఇగో, రేకు తీస్తున్నరు, ముందుగాల నిన్ను తీస్తరు."

"నన్ను గాదు." దగ్గు వచ్చి మాట తెగింది. "నన్ను తర్వాత తియ్యిన్రి. ముందుగాల సత్యనారాయణ సారును తియ్యిన్రి. నాకంటె ముంగటి సంది ఈడనే ఉన్నడు. తాళంచెవి ఇయ్యనన్నడని ప్రేమ్‌రాజ్ సారు తోసేసిండట, చూడవోయిన నన్ను గూడ తోసిండు. నిన్నటిదాక మాట్లాడిండు బిడ్డా. పొద్దుటి సంది మాట్లాడుతలేడు."